సర్వర్ సందేహాలు: ప్యాకేజీలు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు భద్రతా ప్రొఫైళ్ల రీలోడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం గురించి ఉన్నాయి. నాలుగూ బెంగళూరు నుంచే వచ్చాయి. మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబు చదివితేనే మిగిలిన మూడూ సులువుగా అర్థమవుతాయి కనుక దానికి ఎక్కువ చోటు కేటాయించాం.

ప్రశ్న: సంపాదకులకు నమస్కారం. నేను బెల్లందూరులోని ఒక సంస్థలో సర్వర్ల నిర్వహణ చూస్తున్నాను. మా సర్వర్లన్నీ ఉబుంటు లినక్స్ మీద నడుస్తాయి. మేము సొంతంగా తయారు చేసుకున్న ప్యాకేజీలు 40 వరకు ఉన్నాయి. ప్రతి ప్యాకేజీలో ఒక సర్వీసు, దానికొక అప్‌ఆర్మర్ ప్రొఫైల్ (ఆ సర్వీసు ఏమేం చేయవచ్చో హద్దులు గీసే భద్రతా నియమాల ఫైలు) ఉంటాయి. ప్రొఫైళ్లన్నీ చేర్చుకునే ఉమ్మడి నియమాల ఫైళ్లు మరొక ప్యాకేజీలో ఉన్నాయి. గతంలో ఇక్కడ పనిచేసిన ఒకరు ప్రతి ప్యాకేజీలో ఇన్‌స్టాల్ చివర్లో నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్టులోనూ అప్‌ఆర్మర్ సర్వీసు మొత్తాన్ని రీలోడు చేసే ఆదేశం పెట్టారు. దానివల్ల అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా చిన్న సర్వర్లలో ప్రాసెసర్ ఊపిరాడకుండా అయిపోతోంది. ఆ ఆదేశాలన్నీ తీసేసి, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే డీపీకేజీలో ఉన్న ట్రిగ్గర్ (ఒక పనిని వాయిదా వేసి తరువాత నడిపే ఏర్పాటు) ద్వారా చివర్లో ఒక్కసారి రీలోడు చేయిద్దామని నేను ప్రతిపాదించాను. అలా చేస్తే భద్రతకు భంగం కలుగుతుందని మా టీం లీడ్ గారు అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది?
— ఒక పాఠకుడు, బెల్లందూరు

జవాబు: మీ సమస్యలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి. ఒక పని విషయంలో మీరు చెప్పింది నిజం, రెండోదాని విషయంలో మీ టీం లీడ్ గారు చెప్పింది నిజం. ఆ రెండింటినీ విడదీస్తే దారి దొరుకుతుంది.

అప్‌ఆర్మర్ ప్రొఫైల్ మనం చదవగలిగే మామూలు పాఠ్యం. ఏ ప్రోగ్రాము ఏ ఫైలును చదవవచ్చు, దేనిలో రాయవచ్చు, ఏ నెట్‌వర్కు సౌకర్యాన్ని వాడుకోవచ్చు అన్నది అందులో ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కర్నెల్‌కు ఈ పాఠ్యం పనికిరాదు. అప్‌ఆర్మర్ పార్సర్ అనే ప్రోగ్రాము ఆ నియమాలను, అవి చేర్చుకున్న ఉమ్మడి ఫైళ్లతో సహా చదివి, కర్నెల్ వేగంగా పోల్చి చూసుకోగల పట్టికలుగా కంపైల్ చేస్తుంది. ఆ తరువాత వాటిని కర్నెల్‌కు అప్పగిస్తుంది. ప్రాసెసర్ సమయంలో అధిక భాగం కంపైల్ చేయడానికే పోతుంది, అప్పగించడానికి పట్టే సమయం చాలా తక్కువ. అందుకే కంపైల్ అయిన రూపాన్ని వార్ అనే డైరెక్టరీ కింద ఉన్న క్యాష్ డైరెక్టరీలో దాచిపెట్టుకునే ఏర్పాటు ఉంది. బూట్ అయ్యేటప్పుడు పాఠ్యం మారకపోతే ఆ దాచిన రూపమే నేరుగా కర్నెల్‌కు వెళుతుంది.

ఇప్పుడు మీ స్క్రిప్టుల సంగతి చూద్దాం. ఒక ప్యాకేజీ మారితే ఆ యంత్రంలోని ప్రొఫైళ్లన్నింటినీ రీలోడు చేయమని అవి అడుగుతున్నాయి. క్యాష్ ఉన్నప్పటికీ పార్సర్ ప్రతి ప్రొఫైల్‌నూ, అది చేర్చుకున్న ప్రతి ఫైలునూ తెరిచి, వాటి తేదీలను క్యాష్ తేదీతో పోల్చక తప్పదు. 40 ప్యాకేజీలు ఒకేసారి అప్‌గ్రేడ్ అయితే ఈ తతంగమంతా 40 సార్లు జరుగుతుంది. మీ ప్రొఫైళ్లకు తోడు ఉబుంటుతో వచ్చేవి కూడా ఉంటాయని మరచిపోకండి. 24.04 విడుదలలో సామాన్య వినియోగదారుల నేమ్‌స్పేస్‌లపై (ప్రోగ్రాములను మిగతా వాటి నుంచి వేరుచేసి నడిపే కర్నెల్ సౌకర్యంపై) ఆంక్షలు వచ్చినందువల్ల, వాటికి మినహాయింపు ఇచ్చే చిన్న చిన్న ప్రొఫైళ్లు ఆ డైరెక్టరీలో చాలా చేరాయి. కర్నెల్ లాగ్ తెరిస్తే, ప్రొఫైల్ మార్పిడి జరిగిన చోట "ఇప్పుడున్న ప్రొఫైల్ లాంటిదే, వదిలేస్తున్నాను" అనే అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం వరుసగా కనబడుతుంది. ఒకే అప్‌గ్రేడ్ సమయంలో అది ఎన్నిసార్లు కనబడితే అన్ని రీలోడులు వృథాగా జరిగాయని అర్థం. మీ వాదనకు అంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు.

అయితే దీనికి మందుగా రీలోడు మొత్తాన్నీ చివరకు నెట్టేస్తే ఏం జరుగుతుందో ఒక ప్యాకేజీని పట్టుకుని దగ్గరగా చూద్దాం. అది కొత్త సర్వర్‌లో మొదటిసారి ఇన్‌స్టాల్ అవుతోందని అనుకోండి. డీపీకేజీ ముందు ఫైళ్లను విప్పి పెడుతుంది. ప్రొఫైల్ ఉండేది సెట్టింగుల ఫైళ్లుండే ఈటీసీ డైరెక్టరీ కింద కనుక అది కాన్ఫిగరేషన్ ఫైలుగా లెక్కలోకి వస్తుంది, ప్యాకేజీని కాన్ఫిగర్ చేసే దశలో గానీ తన అసలు పేరుతో స్థానంలోకి రాదు. ఆ వెంటనే పోస్ట్‌ఇన్‌స్ట్ నడుస్తుంది. ఆ స్క్రిప్టు చివర్లో సర్వీసు మొదలవుతుంది. ట్రిగ్గర్ మాత్రం మిగిలిన ప్యాకేజీల పని కూడా ముగిశాక నడుస్తుంది. అంటే సర్వీసు మొదలైన క్షణానికి కర్నెల్‌లో దాని ప్రొఫైలే లేదు. అప్‌ఆర్మర్ ప్రొఫైల్ ఒక ప్రోగ్రాముకు అతుక్కునేది ఆ ప్రోగ్రాము ఎగ్జిక్యూట్ అయ్యే క్షణంలోనే. ఆ క్షణం దాటిపోయాక ప్రొఫైల్‌ను లోడు చేసినా అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌ను అది పట్టుకోదు. ట్రిగ్గర్ విజయవంతంగా నడుస్తుంది, తెరమీద ఏ తప్పూ కనబడదు, సర్వీసు మాత్రం తరువాతి రీస్టార్ట్ దాకా ఏ ఆంక్షా లేకుండా నడుస్తూ ఉంటుంది. మీ టీం లీడ్ గారి భయం ఇదే అయితే అది పూర్తిగా సమంజసమైనది.

అప్‌గ్రేడ్‌లో ఇబ్బంది మరో రకంగా ఉంటుంది. పాత ప్రొఫైల్ అప్పటికే కర్నెల్‌లో ఉంది కనుక కొత్త ప్రోగ్రాము పాత నియమాల కింద మొదలవుతుంది. కొత్త వెర్షన్ తన డేటాను వేరే డైరెక్టరీకి మార్చుకుని ఉంటే, పాత నియమాలు ఆ డైరెక్టరీని అనుమతించవు. సర్వీసు సరిగా మొదలవదు. ఆ వైఫల్యాన్ని పట్టించుకునేలా స్క్రిప్టు రాసి ఉంటే పోస్ట్‌ఇన్‌స్ట్ కూడా విఫలమవుతుంది, డీపీకేజీ ఆ ప్యాకేజీని సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో వదిలేస్తుంది. ఇది కనీసం బయటకు కనబడే వైఫల్యం. మొదటి ఇన్‌స్టలేషన్‌లో జరిగేది నిశ్శబ్దంగా జరిగిపోతుంది కనుక నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదకరం.

అందువల్ల సర్వీసు ఉన్న ప్రతి ప్యాకేజీ తన సొంత ప్రొఫైల్‌ను, అదొక్కదాన్నే, తన పోస్ట్‌ఇన్‌స్ట్‌లో సర్వీసు మొదలయ్యే ముందే లోడు చేసుకోవాలి. డెబియన్‌లోనూ ఉబుంటులోనూ దీనికోసం డీహెచ్ అప్‌ఆర్మర్ అనే సాధనం ఉంది. ప్రొఫైల్ పేరు చెబితే అవసరమైన స్క్రిప్టు ముక్కను అదే చేర్చిపెడుతుంది. సహాయక సాధనాలు పోస్ట్‌ఇన్‌స్ట్‌లోకి తమ ముక్కలను తాము నడిచిన వరుసలోనే చేరుస్తాయి. కనుక ప్యాకేజీ తయారీ ఆదేశాలుండే రూల్స్ ఫైలులో డీహెచ్ అప్‌ఆర్మర్ పిలుపు సర్వీసును మొదలుపెట్టే సాధనాల కన్నా ముందు ఉండాలి. చాలామంది దీన్ని ఇన్‌స్టాల్ దశను ఓవర్‌రైడ్ చేసే చోట పెడతారు, అక్కడ పెడితే వరుస సరిగ్గా కుదురుతుంది. ప్యాకేజీ తయారయ్యాక దాన్ని విప్పి, పోస్ట్‌ఇన్‌స్ట్‌లో పార్సర్ పిలుపు పైన, సర్వీసు పిలుపు కింద ఉన్నాయో లేదో కళ్లారా చూసుకోండి. 40 ప్యాకేజీలకూ ఈ పరీక్షను మీ బిల్డ్ వ్యవస్థలోనే పెట్టుకుంటే ఇంకా మేలు.

ఆ ముక్కలో పార్సర్‌కు మూడు ఆప్షన్లు వెళతాయి. చిన్న ఆర్ అంటే ఉన్న ప్రొఫైల్‌ను మార్చు, లేకపోతే కొత్తగా చేర్చు అని అర్థం. పెద్ద టి అంటే క్యాష్‌ను చదవవద్దు అని, పెద్ద డబ్ల్యూ అంటే కంపైల్ చేసినదాన్ని క్యాష్‌లో రాయమని. వేగం కోసం పెద్ద టి తీసేద్దామని కొందరికి అనిపిస్తుంది. దయచేసి తీయకండి. క్యాష్ తాజాదా, పాతదా అని పార్సర్ నిర్ణయించుకునేది ఫైళ్ల మార్పు తేదీలను బట్టి. డీపీకేజీ విప్పిన ఫైలుకు మాత్రం ఇన్‌స్టాల్ అయిన తేదీ కాక, ప్యాకేజీ తయారైనప్పటి తేదీ ఉంటుంది. మీరు పాత వెర్షన్‌కు వెనక్కు వెళ్లినప్పుడు స్థానంలోకి వచ్చిన ఫైలు తేదీ క్యాష్ తేదీ కన్నా పాతది అవుతుంది, దాంతో పార్సర్ క్యాష్‌నే నమ్మి, మీరు వద్దనుకున్న కొత్త నియమాలనే మళ్లీ కర్నెల్‌కు ఇస్తుంది. బిల్డ్ ఫలితం ఎప్పుడూ ఒకేలా రావాలని ఫైళ్ల తేదీలను చేంజ్‌లాగ్ (ప్యాకేజీ మార్పుల చిట్టా) తేదీకి కట్టిపడేసే పద్ధతి పాటించే సంస్థల్లో ఇంకొక చిక్కు ఉంది. చేంజ్‌లాగ్ ముట్టుకోకుండా ప్రొఫైల్‌ను మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే, లోపలి పాఠ్యం మారినా తేదీ మారదు. ఒక్క ప్రొఫైల్‌ను ఒక్కసారి కంపైల్ చేయడానికి పట్టే సమయం ఈ అనుమానాలన్నింటినీ తొలగించేందుకు చెల్లించవలసిన ధర, ఆ ధర ఎక్కువేమీ కాదు.

మీరు చెప్పిన ట్రిగ్గర్‌కు నిజమైన స్థానం ఉమ్మడి నియమాల ప్యాకేజీలో ఉంది. ఆ ఫైళ్లు మారినప్పుడు వాటిని చేర్చుకున్న ప్రొఫైళ్లన్నీ మళ్లీ కంపైల్ కావాలి, అవి అప్పటికే కర్నెల్‌లో ఉన్నాయి, వాటి కింద నడిచే ప్రాసెస్‌లకు కొత్త నియమాలు రీస్టార్ట్ లేకుండానే వర్తిస్తాయి. ఇక్కడ కొద్దిసేపు ఆలస్యమైనా పాత ఆంక్షలు అమలులోనే ఉంటాయి తప్ప ఆంక్షలు లేని స్థితి రాదు. కనుక ఈ పనిని చివరికి వాయిదా వేయవచ్చు, వేయాలి కూడా. ఉమ్మడి ఫైళ్లు ఉండే డైరెక్టరీ మీద ఆ ప్యాకేజీ ఆసక్తిని ప్రకటించాలి, అంటే అక్కడ మార్పు జరిగితే తన ట్రిగ్గర్‌ను నడపమని డీపీకేజీకి చెప్పాలి. ఆ ప్యాకేజీయే అప్‌గ్రేడ్ అయ్యేటప్పుడు ఆ ట్రిగ్గర్ దానంతట అది కదలదు కనుక, తన పోస్ట్‌ఇన్‌స్ట్‌లో డీపీకేజీ ట్రిగ్గర్ ఆదేశంతో తానే కదపాలి. ఆ ప్రకటనలో నోఅవెయిట్ (వేచి ఉండని) రకాన్ని ఎంచుకోండి. మామూలు రకమైతే ట్రిగ్గర్‌ను కదిపిన ప్యాకేజీ, ఆ ట్రిగ్గర్ పూర్తయ్యేదాకా ఇతరుల డిపెండెన్సీని తీర్చినట్టు లెక్కకు రాదు. ఇంకో ప్యాకేజీకి అది అవసరమైతే డీపీకేజీ ట్రిగ్గర్‌ను మధ్యలోనే నడిపిస్తుంది, అలా అవసరం పడ్డప్పుడల్లా నడిపిస్తూ పోతే ఒక్కసారి అనుకున్నది నాలుగైదు సార్లవుతుంది.

ట్రిగ్గర్ స్క్రిప్టుకు అందేది ఏ ట్రిగ్గర్ కదిలింది అన్న పేరు మాత్రమే. ఏ ఫైలు మారిందో డీపీకేజీ చెప్పదు. అందువల్ల మీ సంస్థ ప్రొఫైళ్లన్నింటినీ ఒకేసారి పార్సర్‌కు ఇవ్వవలసి ఉంటుంది. ఒక్కో ఫైలుకు ఒక్కో పార్సర్‌ను లూపులో పిలవకండి. ఫైళ్లన్నింటినీ ఒకే పిలుపులో ఇస్తే పార్సర్ వాటిని ఉన్న ప్రాసెసర్ కోర్లకు పంచి సమాంతరంగా కంపైల్ చేస్తుంది. మీ చిన్న సర్వర్లలో మెమరీ తక్కువగా ఉంటే జాబ్స్ ఆప్షన్‌తో ఆ సంఖ్యకు హద్దు పెట్టండి, ఎందుకంటే పెద్ద ప్రొఫైళ్లు కంపైల్ అయ్యేటప్పుడు మెమరీని బాగానే తింటాయి. ఇక్కడ కూడా పెద్ద టి ఉంచమనే నా సలహా. ఉమ్మడి నియమాలు తరచుగా మారేవి కావు, మారిన రోజున ఒక్కసారి అన్నీ కంపైల్ కావడం భరించదగినదే.

మీ 40 ప్యాకేజీలూ ఉమ్మడి ప్యాకేజీ మీద డిపెండెన్సీని (అది ముందుగా సిద్ధంగా ఉండాలన్న షరతును) కచ్చితంగా ప్రకటించాలి. ప్రకటించకపోతే, ఉమ్మడి ఫైలు స్థానంలోకి రాకముందే ఒక ప్రొఫైల్ దానిని చేర్చుకోబోయి కంపైల్ దశలోనే తప్పుతుంది. డీహెచ్ అప్‌ఆర్మర్ చేర్చే ముక్క పార్సర్ విఫలమైనా ఇన్‌స్టలేషన్‌ను ఆపదు. అప్‌ఆర్మర్ లేని కర్నెళ్లు, కంటైనర్లు, చిత్రవిచిత్రమైన యంత్రాలు అన్నింటిలోనూ ఇన్‌స్టాల్ కావలసిన సాధారణ పంపిణీకి ఆ సహనం అవసరం. మీ సొంత సర్వర్లలో అంత సహనం అక్కర్లేదు. సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డీకి ప్రతి సర్వీసు వివరాలూ ఇచ్చే యూనిట్ ఫైలులో అప్‌ఆర్మర్ ప్రొఫైల్ అనే సెట్టింగు ఉంది. అందులో ప్రొఫైల్ పేరు ఇస్తే, ఆ ప్రొఫైల్ కర్నెల్‌లో లేనప్పుడు సర్వీసు మొదలవడానికే నిరాకరిస్తుంది. పేరు ముందు హైఫన్ పెడితే మాత్రం తప్పులను పట్టించుకోదు, కనుక హైఫన్ లేకుండా రాయండి. ఇది ఉంటే, కర్నెల్‌లో అప్‌ఆర్మర్ పనిచేస్తున్నంత వరకు, ఏ స్క్రిప్టులో ఎవరు వరుస తప్పినా, ఆంక్షలు లేకుండా సర్వీసు నడిచే అవకాశమే ఉండదు. మీ టీం లీడ్ గారికి ముందుగా ఈ సెట్టింగు చూపించండి, మిగతా చర్చ తేలికవుతుంది.

ప్రశ్న: మా సర్వర్‌లో ప్రొఫైల్ లోడయినట్టు కనబడుతోంది, ఎన్‌ఫోర్స్ పద్ధతిలోనే (నియమాలను అమలు చేసే పద్ధతిలోనే) ఉంది. అయినా సర్వీసు అన్‌కన్‌ఫైన్డ్ (ఆంక్షలు లేనిది) అని వస్తోంది. అప్‌ఆర్మర్ సర్వీసును రీస్టార్ట్ చేసినా మారలేదు. కారణం ఏమిటి?
— ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: పై జవాబులో చెప్పిన నిశ్శబ్ద వైఫల్యానికి మీ సర్వర్ ఒక ఉదాహరణ అయి ఉండవచ్చునమ్మా. ఏఏ స్టేటస్ ఆదేశం ఇచ్చే ఫలితంలో చివరి వైపు, ప్రొఫైల్ ఉన్నా ఆంక్షలు లేకుండా నడుస్తున్న ప్రాసెస్‌ల లెక్క ఒకటి ఉంటుంది. చాలామంది పైన ఉన్న ఎన్‌ఫోర్స్ సంఖ్య చూసి తృప్తిపడి ఆ కింది లెక్క దాకా వెళ్లరు. అక్కడ సున్నా కాకుండా ఏ సంఖ్య ఉన్నా, ఆ ప్రాసెస్‌లు ప్రొఫైల్ లోడు కాకముందే మొదలయ్యాయని అనుమానించాలి. మీరు రీస్టార్ట్ చేయవలసింది అప్‌ఆర్మర్‌ను కాదు, మీ సర్వీసును. సర్వీసు మళ్లీ ఎగ్జిక్యూట్ అయినప్పుడే ప్రొఫైల్ దానికి అతుక్కుంటుంది. తరువాత పీఎస్ ఆదేశాన్ని పెద్ద జెడ్ ఆప్షన్‌తో నడిపి, ఆ ప్రాసెస్ పక్కన ప్రొఫైల్ పేరు వచ్చిందేమో చూడండి. అప్పటికీ రాకపోతే ప్రొఫైల్‌లో రాసిన ప్రోగ్రాము దారికీ, నిజంగా నడుస్తున్న ప్రోగ్రాము దారికీ తేడా ఉందేమో చూడాలి. అప్‌ఆర్మర్ ప్రోగ్రామును గుర్తుపట్టేది ఫైలు దారిని బట్టే.

రీస్టార్ట్ మాట వచ్చింది కనుక ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రొఫైల్‌ను కర్నెల్ నుంచి తొలగిస్తే దాని కింద ఉన్న ప్రాసెస్‌లు వెంటనే ఆంక్షలు లేనివవుతాయి, ఆ ప్రొఫైల్‌ను తిరిగి లోడు చేసినంత మాత్రాన అవి మళ్లీ దాని కిందకు రావు. ఈ కారణంగానే ఇప్పటి డెబియన్, ఉబుంటు విడుదలల్లో అప్‌ఆర్మర్ సర్వీసును ఆపినా ప్రొఫైళ్లు కర్నెల్‌లోనే ఉండిపోతాయి. నిజంగా అన్నింటినీ దించేయాలంటే ఏఏ టియర్‌డౌన్ అనే వేరే ఆదేశం ఇవ్వాలి. అప్‌గ్రేడ్ స్క్రిప్టుల్లో దానిని ఎక్కడా వాడకండి. పాతదాన్ని తీసి కొత్తది పెట్టే పద్ధతి కాక, చిన్న ఆర్ ఆప్షన్‌తో ఉన్నదాన్ని ఉన్నచోటే మార్చే పద్ధతి ఒక్కటే నడుస్తున్న సర్వీసులకు క్షేమం.

ప్రశ్న: మేము రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన పంపిణీలు వాడతాం, మాది అప్‌ఆర్మర్ కాదు, ఎస్ఈలినక్స్ అనే మరో భద్రతా వ్యవస్థ. మా సొంత పాలసీ మాడ్యూళ్లు (భద్రతా నియమాల ముక్కలు) ఆర్‌పీఎం ప్యాకేజీల్లో వెళతాయి. ఒక్కో మాడ్యూల్ ఇన్‌స్టాల్ కావడానికే ఎక్కువ సమయం పడుతోంది, అవి ఎక్కువైతే అప్‌గ్రేడ్ కదలడమే లేదు. దీనికి కూడా అదే ఉపాయం పనిచేస్తుందా?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: సూత్రం అదే అయినా ఇక్కడ లోపలి నిర్మాణం వేరు, అందుకే ఖర్చు పుట్టే చోటు కూడా వేరు. అప్‌ఆర్మర్‌లో ప్రతి ప్రొఫైల్ విడిగా కర్నెల్‌లోకి వెళుతుంది. ఎస్ఈలినక్స్‌లో అలా కాదు. మీరు ఎంత చిన్న మాడ్యూల్ చేర్చినా, మూల పాలసీతో సహా ఉన్న మాడ్యూళ్లన్నింటినీ కలిపి ఒకే బైనరీ పాలసీగా మళ్లీ నిర్మించి, మొత్తాన్ని కర్నెల్‌లోకి లోడు చేయాలి. మాడ్యూళ్లను ఇన్‌స్టాల్ చేసే సెమాడ్యూల్ ఆదేశాన్ని పది ప్యాకేజీలు విడివిడిగా పిలిస్తే ఆ నిర్మాణం పదిసార్లు జరుగుతుంది. కాబట్టి కలిపి చేయడం వల్ల కలిగే లాభం ఇక్కడ అప్‌ఆర్మర్‌లో కన్నా ఎక్కువే.

సెమాడ్యూల్ ఒకే పిలుపులో ఎన్ని మాడ్యూళ్లనైనా తీసుకుంటుంది, వాటన్నింటికీ నిర్మాణం ఒక్కసారే జరుగుతుంది. మీ సంస్థ మాడ్యూళ్లన్నీ ఎప్పుడూ కలిసే వెళ్లేవైతే, వాటిని ఒకే పాలసీ ప్యాకేజీలో పెట్టి ఒకే పిలుపుతో ఇన్‌స్టాల్ చేయడం అన్నిటికన్నా సులువైన మార్గం. విడి ప్యాకేజీలుగానే ఉంచాలనుకుంటే మాత్రం వాటి వరుస గురించి జాగ్రత్త అవసరం.

ఆ వరుస ఎందుకు ముఖ్యమంటే, ఎస్ఈలినక్స్ ఫైలును గుర్తుపట్టేది దారిని బట్టి కాదు, ఫైలు మీద ఉన్న లేబుల్‌ను బట్టి. ఆర్‌పీఎం ఫైళ్లను విప్పేటప్పుడు ఆ క్షణానికి ఉన్న పాలసీ ప్రకారమే లేబుళ్లు వేస్తుంది. మీ పాలసీ అప్పటికి లోడు కాకపోతే ప్రోగ్రాము ఫైలుకు సాధారణ లేబుల్ పడుతుంది, సర్వీసు మీరు ఉద్దేశించిన డొమైన్‌లోకి, అంటే దానికోసం రాసిన నియమాల కిందకు, వెళ్లదు. ఫెడోరా ప్యాకేజీ తయారీదారులు దీనికి వాడే మాక్రోల జత ఒకటి ఉంది. మొదటిది ఇన్‌స్టలేషన్‌కు ముందు, ఏ దారిలోని ఫైలుకు ఏ లేబుల్ వేయాలో చెప్పే ఫైల్ కాంటెక్స్ట్స్ పట్టికకు ఒక ప్రతి తీసి ఉంచుతుంది. రెండోది అంతా ముగిశాక పోస్ట్‌ట్రాన్స్ దశలో ఆ పాత ప్రతినీ కొత్త పట్టికనూ పోల్చి, తేడా ఉన్న దారుల్లోని ఫైళ్లకు మాత్రమే లేబుళ్లు తిరిగి వేస్తుంది. డిస్కు మొత్తం మీద రీలేబుల్ నడిపే అలవాటు మీ స్క్రిప్టుల్లో ఉంటే, సమయం తినేది మాడ్యూల్ నిర్మాణం కాక అదే కావచ్చు. ముందుగా రెండింటినీ విడివిడిగా కొలవండి. పోస్ట్‌ట్రాన్స్‌లో గానీ లేబుళ్లు సరికాని సర్వీసును, ఆ లేబుళ్లు పడకముందే, అంతకు ముందు నడిచే పోస్ట్ దశలో మొదలుపెట్టే స్క్రిప్టు ఎక్కడైనా ఉందేమో కూడా వెతకండి. మొదటి ఉత్తరంలోని ప్రమాదం ఇక్కడ ఎదురయ్యేది ఆ రూపంలోనే.

ప్రశ్న: రద్దీని బట్టి మా వర్చువల్ యంత్రాలు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. ఒక మూల ఇమేజ్‌ను ఛ్రూట్‌లో (ఒక డైరెక్టరీనే పూర్తి వ్యవస్థగా చూపి పనిచేయించే పద్ధతిలో) తయారుచేసి, దాని నుంచే కొత్త యంత్రాలను పుట్టిస్తాం. ప్రతి కొత్త యంత్రం మొదటి బూట్‌లో అప్‌ఆర్మర్ సర్వీసు దగ్గరే ఆలస్యం చేస్తోంది. ప్రొఫైళ్లను ఇమేజ్ తయారయ్యేటప్పుడే లోడు చేసి ఉంచవచ్చా?
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: లోడు చేసి ఉంచడం కుదరదు, కంపైల్ చేసి ఉంచడం కుదురుతుంది. లోడయిన ప్రొఫైల్ కర్నెల్ మెమరీలో ఉంటుంది, ఇమేజ్‌లో ఉండేది డిస్కు మాత్రమే. ఛ్రూట్‌కు సొంత కర్నెల్ ఉండదు కనుక, అందులో నడిచే పార్సర్ ఏది లోడు చేసినా అది బిల్డ్ యంత్రపు కర్నెల్‌లోకే వెళుతుంది. ఇమేజ్‌లోని ప్రొఫైల్‌కూ బిల్డ్ యంత్రంలో నడిచే సర్వీసు ప్రొఫైల్‌కూ ఒకే పేరు ఉంటే, మీ బిల్డ్ యంత్రంలోని నియమాలు మీకు తెలియకుండానే మారిపోతాయి. ఛ్రూట్‌లోకి సిస్ డైరెక్టరీని అలవాటుగా మౌంట్ చేసేటప్పుడు, పార్సర్ కర్నెల్‌తో మాట్లాడే దారి అయిన సెక్యూరిటీ ఎఫ్ఎస్ కూడా దానితో పాటు వచ్చేస్తోందా అని చూడండి. అది లేకపోతే, అప్‌ఆర్మర్ అందుబాటులో ఉందా అని చూసే ఏఏ ఎనేబుల్డ్ ఆదేశం లేదనే జవాబు ఇస్తుంది, డీహెచ్ అప్‌ఆర్మర్ పెట్టిన ముక్క లోడును తనంతట తానే మానుకుంటుంది.

ఆలస్యానికి కారణం క్యాష్ ఖాళీగా ఉండడం. కొత్త యంత్రం మొదటి బూట్‌లో ప్రొఫైళ్లన్నింటినీ కంపైల్ చేసుకుంటోంది. వార్ కింది క్యాష్ డైరెక్టరీలో కర్నెల్ సామర్థ్యాలను బట్టి పేరు పెట్టిన ఉప డైరెక్టరీ ఒకటి ఏర్పడి, కంపైల్ అయినవన్నీ అందులో చేరతాయి. వేరే సామర్థ్యాలున్న కర్నెల్ కోసం తయారైన క్యాష్‌ను పార్సర్ వాడుకోదు. నష్టం ఏమీ ఉండదు కానీ లాభమూ ఉండదు. ఇమేజ్ తయారయ్యాక, అసలు యంత్రాలు నడిచే కర్నెల్‌తోనే దాన్ని ఒక్కసారి బూట్ చేసి, అప్‌ఆర్మర్ సర్వీసు తన పని ముగించాక యంత్రాన్ని ఆపి, ఆ స్థితి నుంచి తుది ఇమేజ్ తీయడం నేను సూచించే పద్ధతి. పార్సర్‌కు లక్ష్య కర్నెల్ సామర్థ్యాల ఫైలు ఇచ్చి, కర్నెల్‌లోకి లోడు చేయకుండా క్యాష్ మాత్రమే రాయించే మార్గం కూడా ఉంది. అయితే బూట్ పద్ధతిలో పొరపాటుకు తావు తక్కువ.

ఇమేజ్‌ను చిన్నది చేయడానికి చివర్లో వార్ కింది క్యాష్ మొత్తాన్నీ తుడిచేసే స్క్రిప్టులు చాలాచోట్ల ఉంటాయి. మీ దగ్గరా ఉంటే అప్‌ఆర్మర్ డైరెక్టరీని ఆ తుడుపు నుంచి మినహాయించండి, లేకపోతే ఇంత చేసిందీ బూడిదలో పోసిన పన్నీరవుతుంది. ఆపైన కర్నెల్ మార్చినప్పుడల్లా ఇమేజ్‌ను ఇదే పద్ధతిలో మళ్లీ తీయండి. సిస్టమ్‌డీ ఎనలైజ్ ఆదేశాన్ని బ్లేమ్ మాటతో నడిపి, అప్‌ఆర్మర్ సర్వీసు తీసుకున్న సమయాన్ని పాత ఇమేజ్‌లోనూ కొత్త ఇమేజ్‌లోనూ చూస్తే ఫలితం నేరుగా తెలిసిపోతుంది.